మాజీ సైనికుల సంఘానికి జీవిత సభ్యత్వం వద్దు, ఏటా చందా ముద్దు

సంపాదకులకు,

అయ్యా,

జనవరి 14న సాయుధ దళాల వెటరన్స్ డే జరుపుతున్నారు. సైన్యాధిపతిగా ఉన్న కరియప్ప గారు 1953లో ఆ రోజున రిటైరయ్యారు, అందుకని ఆ తేదీ. ఢిల్లీలో తేదీ ఖాయం చేసినవాళ్లకు మన భోగి, సంక్రాంతి గుర్తొచ్చినట్టు లేవు. ఇంట్లో అరిసెలు వేగుతుంటే, కొత్త అల్లుడు గుమ్మంలో ఉంటే మీటింగుకు ఎవరొస్తారు? అందుకే మావైపు ఈ సభలు పండక్కి కాస్త అటూ ఇటూగా జరుగుతుంటాయి. ఎప్పుడు జరిగినా, ఎక్కడ జరిగినా మైకు దగ్గర మూడు మాటలు తప్పవు. సంఘంలో సభ్యులు తగ్గిపోతున్నారు, కొత్తగా రిటైరైన కుర్రాళ్లు మొహం చూపించడం లేదు, కాబట్టి అందరిచేతా జీవిత సభ్యత్వాలు కట్టించాలి. మొదటి రెండూ నిజం. మూడోదానితోనే నాకు పేచీ.

నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో ఇరవై నాలుగేళ్లు చేసి 2009లో హవల్దారుగా ఇంటికొచ్చాను. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం వైపు ఒక మండలం మాది. అక్కడి మాజీ సైనికుల సంఘానికి కోశాధికారిని, అంటే చందా అడిగేవాణ్ణి. నా స్కూటరు చప్పుడు విని పెరట్లోకి వెళ్లిపోయే స్నేహితులు నాకున్నారు. అందుచేత ఈ సంగతి మాట్లాడే అర్హత కొంత ఉందనే అనుకుంటున్నాను.

మా సంఘంలో ఏడాది చందా 300 రూపాయలు. జీవిత సభ్యత్వం వెయ్యి. ఈ రెండోది 2015 చివర్లో పుట్టింది. ఆ నవంబరు 7న ఓఆర్ఓపీ, అంటే 'ఒకే ర్యాంకుకు ఒకే పెన్షన్' ఉత్తర్వు వచ్చింది. దానికోసం ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర అన్ని నెలలు దీక్షకు కూర్చున్నవాళ్ల పుణ్యమా అని ఊళ్లలో ఫౌజీలకు సంఘం అంటే ఒక నమ్మకం కుదిరిన రోజులవి. అడక్కుండానే జనం వచ్చారు. ఏటేటా తిరిగే బాధ ఎందుకు, ఒకేసారి వెయ్యి కట్టేస్తే పోలేదా అని ఎవరో అన్నారు, బాగుందనుకున్నారు. పెట్టెలో అంత డబ్బు సంఘం పుట్టాక ఎప్పుడూ చూడలేదు. కుర్చీలు, బీరువా, కంప్యూటరు, మెయిన్ రోడ్డు మీదికి కనపడేలా ఒక బోర్డు వచ్చాయి.

ఇప్పుడు లెక్క చూడండి. వెయ్యి రూపాయలు బ్యాంకులో డిపాజిట్ చేస్తే ఏడాదికి వచ్చే వడ్డీ అరవై డెబ్బై రూపాయలు. సర్వసభ్య సమావేశం నాడు ఆ సభ్యుడికి పెట్టే భోజనం ఖర్చుకే అది చాలదు. పైగా మావాళ్లు డిపాజిట్ కూడా చేయలేదు, బీరువా కొన్నారు. గది అద్దె, కరెంటు బిల్లు, ప్రింటరు ఇంకు, ఎవరైనా పోతే పుష్పగుచ్ఛం, శ్రీకాకుళం వెళ్లొచ్చే ఛార్జీలు, ఇవన్నీ ఏటా ఉండేవే. అవన్నీ భరించేది మాత్రం ఇప్పటికీ ఏటా 300 కట్టే కొద్దిమంది. వాళ్లకూ ఆ సంగతి తెలుసు. "వాడు 2015లో ఒకసారి కట్టి జన్మంతా సభ్యుడు, నేను అప్పట్నుంచీ కడుతూనే ఉన్నాను, నాకేంటి గొప్ప?" అని ఒక సుబేదార్ సాబ్ నన్ను నిలదీశారు. ఆయనకు చెప్పే జవాబు నా దగ్గర లేదు.

డబ్బుకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. వెయ్యి కట్టినవాడి ఇంటికి మళ్లీ వెళ్లాల్సిన పని మాకు లేకుండా పోయింది. మా ఆఫీసుకు రావాల్సిన పని అతనికీ లేదు. చందా రసీదు మాకు రోల్ కాల్ లాంటిది. ఏడాదికోసారి మనిషి కనపడతాడు, పలుకుతాడు. ఫోన్ నంబరు మారితే చెప్తాడు, కూతురు పెళ్లి కుదిరిందంటాడు, మోకాళ్లు నొప్పులంటాడు. జీవిత సభ్యుల విషయంలో ఆ హాజరు ఆగిపోయింది. కొందరు పోయారన్న సంగతి దినాలు కూడా అయిపోయాక మాకు తెలిసింది.

అసలు ఇబ్బంది కోరం దగ్గర వచ్చింది. మా బైలా, అంటే సంఘం నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి సభ్యుల్లో మూడో వంతు ఉండాలి. రిజిస్టరులో జీవిత సభ్యులందరూ సభ్యులే. వాళ్లు విశాఖపట్నంలో గాజువాకలోనో, కొడుకు దగ్గర బెంగళూరులోనో ఉంటారు. రారు. వాళ్లు లేకుండా మూడో వంతు కాదు. అది కాకపోతే బైలాలో కామా కూడా మార్చలేం. అంటే జీవిత సభ్యత్వాన్ని రద్దు చేయడానికి కూడా జీవిత సభ్యులే అడ్డం. ఇది రాసినవాడు ఏ ప్లాటూన్‌లో చదువుకున్నాడో!

ఇక ఏటా చందా కట్టేవాళ్లు ఎందుకు మానేస్తున్నారు? మూడు వందలు లేకనా? నేను ఒప్పుకోను. నెలనెలా పెన్షన్ పడే మనిషికి అది పెద్ద మొత్తం కాదు. ఇళ్లకు వెళ్లినప్పుడు నేను విన్న జవాబులు రకరకాలు. "డిసెంబరు 7న జెండా నిధికి ఇచ్చాను కదా, మళ్లీ చందా ఏంటి?" అంటారు ఒకరు. సాయుధ దళాల జెండా నిధి ప్రభుత్వానిదని, అందులో ఒక్క రూపాయి కూడా మండల సంఘానికి రాదని చెప్తే ఆశ్చర్యపోతారు. "ఈసీహెచ్‌ఎస్‌కు కట్టించుకున్నారుగా" అంటారు ఇంకొకరు. అది మాజీ సైనికుల వైద్య పథకానికి కట్టిన సొమ్మని వివరించాలి. వీళ్లిద్దరితో కష్టం లేదు, కూర్చుని చెప్తే టీ కూడా ఇచ్చి పంపుతారు.

మూడో రకం జవాబు నోటితో చెప్పరు. లెక్కలు ఎవరు చూపించారు అన్నది వాళ్ల కళ్లలో ఉంటుంది. వాళ్లకు కోపం రావడానికి కారణం ఉంది. సైనిక కోటాలో భూమి ఇప్పిస్తామని, ఫైలు కదపడానికి ఖర్చవుతుందని కొందరు కొన్నిచోట్ల రసీదు లేకుండా వేలకు వేలు పోగు చేశారు. భూమి రాలేదు, డబ్బూ రాలేదు. చేసినవాళ్లు ఎవరైనా పోయింది సంఘాల పరువే. అలా దెబ్బతిన్న మనిషిని సభ్యత్వం అడిగితే నమస్కారం పెట్టి తలుపేసుకుంటాడు. అతనితో వాదించి లాభం లేదు. నేను చేసే పని ఒకటే. ఆ ఏడాది జమా ఖర్చుల కాగితం జిరాక్స్ తీసి, చందా అడక్కుండా అతని చేతికిచ్చి వస్తాను. ఇంకు సీసాకెంత, టీలకెంత, ఆటోకెంత, అన్నీ ఉంటాయందులో. టీల ఖర్చు మీద ఒకాయన నాకు ఫోన్ చేసి చీవాట్లు పెట్టారు. నెల తిరక్కుండా ఆయనే వచ్చి చందా కట్టారు. లెక్క తప్పు పట్టడానికైనా చదివినవాడు మనవాడే.

తిత్లీ తుఫాను సంగతి కూడా చెప్పాలి, ఉద్దానంలో ఏ కథైనా దాన్ని దాటి పోలేదు. 2018 అక్టోబరులో ఆ ఒక్క రాత్రితో మా కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. ఇక్కడ చాలామంది ఫౌజీలకు పెన్షన్ ఒక కాలైతే తోట రెండో కాలు. మొక్క పెడితే కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏడాది చందా మాఫీ చేస్తూ అప్పటి కార్యవర్గం తీర్మానించింది. మనసున్న తీర్మానమే. కాని మాఫీ అయినవాళ్ల దగ్గరికి తర్వాతి ఏడు వెళ్తే "ఇంకా ఉందా ఆ సంఘం?" అన్నట్టు చూశారు. ఆపైన కరోనా వచ్చి రెండేళ్లు మీటింగులే లేవు. ఒక చిత్రం ఏంటంటే, మాఫీ అన్నా వినకుండా "యాభై రాసుకోండి" అని ఇచ్చిన కొందరున్నారు. వాళ్లలో దాదాపు అందరూ ఇవాళ్టికీ కడుతున్నారు. ఎంత కష్టకాలమైనా చందా తగ్గించండి, వాయిదా వెయ్యండి, పది రూపాయలకు రసీదు రాయండి. మొత్తంగా ఎత్తెయ్యకండి.

మా కార్యవర్గంలో ఒక వాదన ఉంది. చందా కట్టనివాడికి లైఫ్ సర్టిఫికెట్ (పెన్షన్ కోసం ఏటా బతికున్నట్టు ఇచ్చే రుజువు) చేయొద్దు, స్పర్శ్ (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) పని ముట్టుకోవద్దు, అప్పుడు దారికొస్తారు అని. నేను దీన్ని గట్టిగా ఎదిరిస్తాను. ధర్మం సంగతి పక్కన పెట్టండి, వ్యాపారం సంగతే చూద్దాం. లైఫ్ సర్టిఫికెట్ ఇవాళ కామన్ సర్వీస్ సెంటర్లో కొద్దిపాటి ఫీజుకు చేస్తారు. బ్యాంకులో చేస్తారు. మనవరాలు ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోనే చేసేస్తుంది. ఆ పనికి మనం 300 ధర కడితే, పక్క సెంటరువాడే చవక. ఏటా పోటీలో ఓడిపోయే దుకాణం మనకెందుకు?

సెంటరువాడు చేయలేని పని వేరే ఉంది. పెన్షన్లు బ్యాంకుల నుంచి స్పర్శ్‌కు మారినప్పటి నుంచి పేర్ల గొడవ బయటపడింది. మన ఇంటిపేర్లు, పొడుగు పేర్లు రికార్డ్స్ ఆఫీసులో ఉత్తరాది క్లర్కు చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నారు. భార్య పేరు ఇంకా ఘోరం. పెళ్లినాటి పేరు డిశ్చార్జి బుక్‌లో ఉంటుంది, అత్తవారింట్లో పిలిచే పేరు ఆధార్‌లో ఉంటుంది, పుట్టిన తేదీ రెండింట్లోనూ రెండు. భర్త బతికుండగా ఎవరూ పట్టించుకోరు. ఆయన పోయిన రోజు నుంచి ఆ తేడా మీదే ఆమె అన్నం ఆధారపడుతుంది. మా మండలంలో ఒక వదిన గారికి ఇలాగే ఆగిపోయింది. భర్త మా సభ్యుడు కాదు, సంఘం అంటే పడేది కాదాయనకు. మా కార్యదర్శి అఫిడవిట్ రాయించి, ఆమెను వెంటబెట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, రికార్డ్స్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, ప్రయాగ్‌రాజ్ పెన్షన్ ఆఫీసు వాళ్లు అడిగిన ప్రతి కాగితం పంపి, నెలలు పట్టినా సాధించారు. ఆ తిరుగుడు ఖర్చు ఎక్కడిది? ఏటా 300 కట్టిన వాళ్లది. చందా ఎందుకు అని అడిగేవాళ్లకు నేను ఇదే చెప్తాను. మీ పని చేయించుకోవడానికి కాదు బాబూ, రేపు మీరు లేనప్పుడు మీ ఇంటికి ఒక మనిషి రావడానికి. ఈ మాట విని నొచ్చుకునేవాళ్లూ ఉన్నారు, అయినా చెప్తాను.

ఆ వదిన గారు బకాయిలు పడ్డాక ఆఫీసుకొచ్చి "నేనూ చందా కట్టొచ్చా తమ్ముడూ?" అని అడిగారు. కట్టొచ్చు, కానీ మా బైలాలో భార్యలు 'సహ సభ్యులు'. కుర్చీ ఉంటుంది, ఓటు ఉండదు. ఇంతకన్నా తెలివితక్కువ నిబంధన నేను చూడలేదు. మా వైపు కొన్ని ఊళ్లలో పెన్షన్ తీసుకునేవాళ్లలో ఫౌజీలకన్నా ఫౌజీల భార్యలే ఎక్కువ కనిపిస్తారు. చందా ఆలస్యం చేయనివాళ్లు, రసీదు దాచుకునేవాళ్లు, మీటింగుకు చెప్పిన టైముకు వచ్చేవాళ్లు కూడా వాళ్లే. మగవాళ్లు ఓఆర్ఓపీ పట్టికల మీద కొట్టుకుంటూ ఉంటే, ఈమె మాత్రం వాళ్ల ఊళ్లో మరో ఇద్దరిని సభ్యులుగా చేర్పించింది. ఆమెకు ఓటివ్వడానికి మనకు ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

కబురు అందకపోతే ఎంత నష్టమో ఈమధ్యే చూశాం. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే సాయం 2025లో రెట్టింపైంది. పెన్షన్ లేని 65 ఏళ్లు దాటిన మాజీ సైనికులకు, అలాంటివాళ్ల వితంతువులకు నెలకు 4,000 ఇచ్చేది 8,000 అయింది. కూతురి పెళ్లికి 50,000 ఉన్నది లక్ష అయింది. పిల్లల చదువుకు నెలకు వెయ్యి ఉన్నది రెండు వేలు. నవంబరు 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు కొత్త రేట్లు. ఇది హవల్దారు ర్యాంకు వరకు ఉన్నవాళ్లకే, అంటే మా సభ్యుల్లో ఎక్కువమందికి పనికొచ్చేదే. ఏటా చందా కట్టే ఇళ్లన్నిటికీ వారంలో కబురు వెళ్లింది. జీవిత సభ్యుల జాబితా తీస్తే అందులో నంబర్లు పదేళ్ల నాటివి. సగం మోగలేదు, మోగినవాటిలో కొన్ని ఇంకెవరో ఎత్తారు.

వాట్సాప్ గ్రూపు ఉందిగా అంటారేమో. మాకు మూడున్నాయి. తెల్లారితే గులాబీల బొమ్మలు, మధ్యాహ్నానికి మిలిటరీ సర్వీస్ పే (సైనికులకు జీతంతో పాటు ఇచ్చే అదనపు సొమ్ము) గొడవ. ఆఫీసర్లకు 15,500, జవాన్లకు 5,200 ఏంటన్నది న్యాయమైన ప్రశ్నే, నాకూ మంటే. కానీ దాని మీద రోజుకు నూరు మెసేజ్‌లు పెట్టేవాళ్లలో చందా కట్టినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఓఆర్ఓపీ సవరణ అయిదేళ్లకోసారి. ఆ ఊపులో చేరినవాళ్లు బకాయిలు ఖాతాలో పడగానే జారుకుంటారు. 2023లో సుప్రీంకోర్టు చెప్పినట్టు ఆగస్టు, నవంబరు, మరుసటి ఫిబ్రవరి వాయిదాలు పడేదాకా మా ఆఫీసు కిటకిటలాడింది. మార్చిలో నేనూ ఫ్యానూ మిగిలాం.

కొత్తగా రిటైరై వచ్చేవాడి దగ్గరికి వద్దాం, అసలు కిటుకు ఇక్కడే ఉంది. యూనిట్‌లో బడాఖానా (విందు) పెట్టి, మెమెంటో చేతికిచ్చి పంపుతారు. పలాస స్టేషన్లో నల్ల ట్రంకు పెట్టెతో దిగుతాడు. వయసు నలభై లోపే ఉంటుంది చాలామందికి. మొదటి వారం చుట్టాలు, రెండో వారం గుడులు. ఆ తర్వాత నుంచి టెన్షన్ మొదలు. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో పేరు నమోదు, గుర్తింపు కార్డు, ఈసీహెచ్‌ఎస్ కార్డు, క్యాంటీన్ కార్డు, స్పర్శ్ లాగిన్, పంచాయతీలో ఇంటిపన్ను మినహాయింపు, ఏదో ఒక ఉద్యోగం. సర్వీసులో ఇవన్నీ ఇంకెవరో చూసుకునేవాళ్లు. ఇక్కడ ఏ కిటికీ దగ్గర నిలబడాలో కూడా తెలియదు, అడగడానికి మొహమాటం. ఆ రెండు మూడు నెలల్లో అతని గుమ్మం ఎక్కిన సంఘాన్ని అతను మరిచిపోడు. ఆ కాలం దాటితే ఏటీఎం దగ్గర గార్డుగానో, విశాఖలో ఏదో కంపెనీలోనో చేరిపోతాడు. ఇక సంఘం మాట చెవికెక్కదు.

వెళ్లేటప్పుడు మొదటిసారి రసీదు పుస్తకం తీసుకెళ్లకూడదని నా పట్టు. కోశాధికారి అసలు వెళ్లకూడదు, నన్ను చూస్తే చందానే గుర్తొస్తుంది. వీలైతే అతని రెజిమెంటువాణ్ణి, లేదా కనీసం అదే ఊరివాణ్ణి పంపాలి. "ఏ యూనిట్ తమ్ముడూ?" అన్న ఒక్క ప్రశ్నతో గంట గడుస్తుంది. వచ్చేటప్పుడు చేయాల్సిన పనుల కాగితం, మన నంబరు ఇచ్చి రావాలి. నమోదుకు శ్రీకాకుళం వెళ్లే రోజు మనవాడొకడు తోడు వెళ్లాలి. చందా మాట నవంబరులో. నవంబరు ఎందుకంటే, మా ఆఫీసులో ఆ నెలంతా పాతవాళ్లు లైఫ్ సర్టిఫికెట్ కోసం ఎలాగూ వస్తారు. కొత్తవాడు వాళ్ల మధ్య వచ్చి కూర్చుంటే, ఇది ముసలివాళ్ల క్లబ్బో, పనికొచ్చే చోటో తనే తేల్చుకుంటాడు. మార్చి 31 గడువు పెట్టి ఫోన్‌పే నంబరు గ్రూపులో పడేస్తే వచ్చేది శూన్యం, నేను చూశాను.

దూరంగా ఉన్న సభ్యులకు నా దగ్గర ఒక ఉపాయం ఉంది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా. పండక్కి ఊరొచ్చిన ప్రతివాడూ ఆ రోజు ఊళ్లోనే ఉంటాడు. గాజువాకవాడు, బెంగళూరువాడు, సెలవు మీద వచ్చిన సర్వీసు కుర్రాడు, అందరూ. మండల కేంద్రంలో మీటింగ్ పెట్టకుండా, ఏ ఊరివాళ్లు ఆ ఊళ్లో రామమందిరం అరుగు మీద ఒక గంట కూర్చుంటే చాలు. ఈ ఏడు రెండు ఊళ్లలో చేశాం. సర్వీసులో ఉన్న కుర్రాళ్లు, తమకింకా పదేళ్లున్నా, ఇంటిదగ్గర తల్లిదండ్రులకు అవసరం పడితే ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిందని సంతోషించారు. ఇద్దరు ముగ్గురు వంద వంద ఇచ్చారు. వాళ్లకు ఏ పద్దు కింద రసీదు రాయాలో బైలాలో లేదు. 'విరాళం' అని రాశాను.

ఇప్పుడు అగ్నివీరులు, అంటే నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకున్న కుర్రాళ్లు. 2022 ఆఖర్లో చేరిన మొదటి బ్యాచ్‌కు నాలుగేళ్లు నిండేది 2026 ఆఖర్లో. పాతిక శాతం మించి ఉంచుకోరు. మిగతావాళ్లు సేవానిధి కింద ఒకేసారి ఇచ్చే డబ్బుతో ఇంటికొస్తారు. పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. మా బైలాలో సభ్యత్వానికి అర్హత 'మాజీ సైనికుడు' అనే ఉంది. అంటే ఒడిశాలో చిలకా సరస్సు పక్కన నేవీ శిక్షణ పొంది, అగ్నివీరుగా చేసి వచ్చిన పిల్ల, మా మండలం పిల్లే అయినా, మా సంఘంలో చేరలేదు. "నాలుగేళ్లకే వచ్చేసినవాళ్లు ఫౌజీలెలా అవుతారు?" అని మొన్న మీటింగులో ఒకరు అన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో నాలుగైదేళ్లు చేసి, పెన్షన్ లేకుండా ఇంటికొచ్చిన తాతలు ఎందరో. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలిటరీ మాధవరమని పేరొచ్చింది అలాంటి వాళ్ల వల్ల కూడా. వాళ్లను ఫౌజీలు కాదనే ధైర్యం ఎవరికైనా ఉందా? సభ్యులు తగ్గుతున్నారని ఒక పక్క ఏడుస్తూ, పాతికేళ్లకు అటూ ఇటూగా ఉన్న పిల్లలు గుమ్మం ముందుకొస్తే తలుపు వేయడం నాకర్థం కాదు. వాళ్లకు రిజర్వేషన్లు, రుణాలు, చదువు కొనసాగింపు, ఇలా మనకు లేని అవసరాలుంటాయి. ఆ దరఖాస్తులు మనం నేర్చుకోవాలి. మనకు కంప్యూటరు వచ్చినవాడు కావాలి, అది వాళ్ల దగ్గరుంది.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారికి ఒక విన్నపం. కొత్తగా నమోదుకు వచ్చినవాళ్ల దగ్గర ఒక చిన్న సమ్మతి కాగితం తీసుకోండి. "నా పేరు, ఫోన్ నంబరు మా మండల సంఘానికి ఇవ్వవచ్చు" అని సంతకం. ఇష్టం లేనివాళ్లు పెట్టరు. ఇప్పుడైతే మా ఊరికి ఎవరు రిటైరై వచ్చారో మాకు టీ కొట్టు దగ్గర తెలుస్తోంది, అదీ ఆలస్యంగా.

మిగతా సంఘాల కోశాధికారులకు ఒక సలహా. జీవిత సభ్యత్వం వెంటనే ఆపలేకపోతే కనీసం ఆ డబ్బు వేరే ఖాతాలో వేసి వడ్డీ మాత్రమే వాడండి. జీవిత సభ్యుడి దగ్గర కూడా ఏడాదికోసారి సంతకం తీసుకోండి, డబ్బు అడక్కండి. వరుసగా మూడేళ్లు సంతకం లేనివాణ్ణి కోరం లెక్కలోంచి తీసేసేలా బైలా మార్చుకోండి. మేమూ అదే ప్రయత్నంలో ఉన్నాం. జీవిత సభ్యుల ఇళ్లకు ఆటోలు పంపి అయినా ఈసారి మూడో వంతు కూర్చోబెడతామని కార్యదర్శి పంతం పట్టారు.

సైనికుల భార్యలకు ఓటు, అగ్నివీరులకు సభ్యత్వం, కొత్త జీవిత సభ్యత్వాల నిలుపుదల, ఈ మూడు తీర్మానాలూ మార్చిలో మా సర్వసభ్య సమావేశానికి నేనే పెడుతున్నాను. గ్రూపులో నన్ను తిడుతున్న మిత్రులు అక్కడికొచ్చి చేతులెత్తి ఓడించవచ్చు. ఏటా చందా కట్టే సభ్యులైతే మాత్రం ఈ ఏడాది రసీదు వెంట తెచ్చుకోవాలి. పుస్తకం నా దగ్గరే ఉంది.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
మండల మాజీ సైనికుల సంఘం కోశాధికారి,
శ్రీకాకుళం జిల్లా